లెక్కపెట్టని లంకెలు

క్రాడ్లీ హీత్,
4 ఫిబ్రవరి 2023

రసెల్ దొరగారికి,

అది కాదు, నేను ఒప్పేసుకున్నానని ఊరంతా చాటడానికి ఆ మాల్‌గాడెవడు? మన పిన్ని కొడుకే, కాదనను. మన బ్యాండులో ఏడేళ్ళు డ్రమ్ములు బాదాడు, అదీ కాదనను. అంతమాత్రాన నా నోటితో వాడు మాట్లాడేస్తాడా?

మొన్న ఒక జర్మనీ అమ్మాయిని వెంటేసుకొచ్చి మా వంటింట్లో కూర్చోబెట్టాడు. పేరు కెర్‌స్టిన్, రికార్డుల కంపెనీ మనిషి. మన 'డెడ్ హార్త్' మళ్ళీ కలవాలట. ఎనిమిది కొత్త పాటలతో ఒక రికార్డు, ఆ పైన మూడు పెద్ద కచేరీలు. "ఆరిన కొలిమి అని పేరు పెట్టుకున్నాం, ముప్పై రెండేళ్ళుగా ఆరిపోయే ఉన్నాం. పేరు నిలబెట్టుకున్న బ్యాండమ్మా మాది" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

"డెరిక్ ఎప్పుడో ఒప్పుకున్నాడు" అని మాల్ అందుకున్నాడు. "ఎప్పుడురా?" అన్నాను. వాడికి వినపడలేదు. టీ కూజా విసిరాను, అది వినపడింది. వాడు కుర్చీ ఎత్తాడు. ఆ తర్వాత పాలీన్ మా ఇద్దరినీ చీపురుతో పెరట్లోకి తోసి, ఆ అమ్మాయికి వేరే కప్పులో టీ ఇచ్చింది. నాకు కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి, అదీ ఉన్న కంటి మీద. పోయిన కంటి మీద కొట్టొచ్చుగా వెధవ!

ఫోను చెయ్యొచ్చుగా అంటుంది పాలీన్. ఇద్దరు చెవిటివాళ్ళు ఫోన్లో ఏం చేస్తారు, అరుచుకోవడం తప్ప? మెసేజి పెట్టమంటే, నా వేలితో ఒక అక్షరం నొక్కితే నాలుగు పడతాయి. అందుకని కాగితం. కాగితం మీద నువ్వు అరిచినా నాకు నొప్పి పుట్టదు.

సంగతేమిటంటే, మాల్ చెవులు అక్టోబరు దాటి నిలవవని డాక్టరు చెప్పాడట. సమ్మెటల షాపు సగం తినేసింది, మనం సగం తినేశాం. చెవులు పనిచేస్తుండగా మనది ఇంకొక్క రికార్డు వినాలని వాడి కోరిక. కుట్లు వేయించుకొచ్చిన మర్నాడు మళ్ళీ వచ్చి, కిటికీకి నట్టు విసిరి పిలిచాడు. షాపు మోతలో పిలుచుకునేవాళ్ళం చూడు, అలా. అద్దం పగిలింది. బయటికెళ్ళి చూస్తే వాన్లో నిలబడి ఉన్నాడు, అరవయ్యేళ్ళ గాడిద. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు.

నాదొకటే షరతు. 1990 నవంబరు 9న డడ్లీ హాల్లో, మూడో పాటలో, చప్పుడుకోసం తారు పీపాని కొట్టాల్సిన తాత గొలుసుని నువ్వు నా మొహం మీదికి విసిరావు. పోలీసులకి నువ్వే చెప్పావు. కోర్టులో నువ్వే ఒప్పుకున్నావు. తొమ్మిది నెలలు జైల్లో కూర్చున్నావు. అందరికీ అన్నీ చెప్పావు గానీ, నాకు మాత్రం "తప్పయిపోయింది అన్నయ్యా" అని ఇప్పటిదాకా అనలేదు. నాన్న అంత్యక్రియలప్పుడు రోడ్డవతల నిలబడ్డావే, అప్పుడైనా అంటావనుకున్నాను. అనలేదని ఇటుక విసిరాను. ఒంటికన్నుతో గురి కుదరదు, తప్పిపోయింది.

ఆ ఒక్క మాట రాసి పంపు. మాల్‌కి రికార్డు దక్కుతుంది. రాయకపోతే లేదు.

ఇట్లు,
మిగిలిన కంటితో,
డెరిక్


బార్మత్ రేవు,
13 ఫిబ్రవరి

డెరిక్‌కి,

ఉత్తరం అందింది. ఆ మాట రాయను. అడగొద్దు.

మాల్ చెవుల సంగతి తెలియదు. మాల్ కోసం వస్తాను. నీకోసం కాదు. ఎక్కడికి, ఎప్పుడు రావాలో వాణ్ణే రాయమను.

పాటలు అయిదు ఉన్నాయి నా దగ్గర. ఇక్కడ పడవలకి వెల్డింగు చేసుకుంటూ అల్లినవి. ఒక్కదాంట్లోనూ ప్రేమ లేదు, భయపడకు. ఒకటి మునిగిపోయేవాడి మీద, ఒకటి ముంచినవాడి మీద, మిగతా మూడూ కొలిమి మీద.

మొన్న రేవులో ఒకడు నేను వేసిన అతుకు ఊడిందన్నాడు. ఊడలేదు, పడవ చుక్కాని విరిగింది. చూపించాను. చూసి కూడా, "మీ క్రాడ్లీ వాళ్ళ అతుకులు అంతేగా" అన్నాడు. వాడిప్పుడు నోటితోనే ఊపిరి పీలుస్తున్నాడు. ముక్కు కుదురుకోవడానికి నెల పడుతుందట. అతుకు గురించి నా దగ్గర ఎవరూ ఒక్క మాట అనకూడదు.

తాత గొలుసు నీ దగ్గరే ఉందా? దాని లంకెలు ఎప్పుడైనా లెక్కపెట్టావా?

రస్


క్రాడ్లీ హీత్,
6 మార్చి

గాయకశిఖామణికి,

బతికే ఉన్నావా? నా వీపు మీద నీ మైకు కర్ర అచ్చు పడింది. పాలీన్ అది చూసి "మీ తమ్ముడి సంతకమా?" అంది. నీ ముక్కు మీద నా సంతకం ఎలా ఉంది?

క్షమాపణ రాకుండా గిటారు ముట్టనన్నవాణ్ణి. సాధనకి పిలిచిన ఆ గేట్ల షాపు వెనక షెడ్డుకి, రానని చెప్పడానికే వచ్చాను. బేసు గిటారు ఎందుకు తెచ్చావంటే, చేతులూపుకుంటూ వెళ్ళడం అలవాటు లేక. మాల్ నాలుగు దెబ్బలు వేసి చూపించేసరికి నా వేళ్ళు నా మాట వినలేదు. మొదటి పాట పదకొండు నిమిషాలు వాయించాం, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అది మన బ్యాండు చరిత్రలోనే రికార్డు.

రెండో పాటలో నువ్వేమన్నావు? "నువ్వు పాటకి ముందు పరిగెడుతున్నావు, ఎప్పుడూ తొందరే నీకు, ఏ పనీ సాంతం చెయ్యవు" అన్నావు. నా పెదాలకేసి చూస్తూ మరీ అన్నావు, ఎక్కడ అర్థం కాకుండా పోతుందోనని. నీ దగ్గర నేను పడతానా? తర్వాత జరిగింది తెలిసిందే. మాల్ మనల్ని విడదియ్యడానికి విసిరిన డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళెం నా చెవి పక్కనుంచి వెళ్ళి చెక్క గోడలో దిగబడింది. నువ్వెళ్ళాక ఇద్దరం లాగినా రాలేదు. అక్కడే ఉంది. షెడ్డుగలాయన టోపీ తగిలించుకుంటున్నాడు.

ఆ జర్మనీ పిల్ల బల్ల కింద దూరింది గానీ, రికార్డు మిషను ఆపలేదు రా! ఆ రక్తమూ ఆ బూతులూ అన్నీ ఎక్కాయి. తర్వాత వినిపించింది. నేనూ మాలూ స్పీకరుకి చెరో చెవీ ఆనించి విన్నాం. నీ గొంతు అలాగే ఉంది. రేకుల కప్పుని రంపంతో కోస్తున్నట్టుంది. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

గొలుసు బొగ్గుల కొట్లో ఉంది. పోలీసులు తిరిగిచ్చిన రోజు గోనెసంచిలో పడేశాను, మళ్ళీ మూతి విప్పలేదు. లంకెలు లెక్కపెట్టమంటావేమిటి, నేనేమన్నా లెక్కలు నేర్చుకునే పిల్లాణ్ణా? తాతవి నలభై ఒకటి. పీపాకి అందట్లేదని నువ్వు గొణిగితే ఆ వేసవిలో నేను అతికించినవి మూడు. నలభై నాలుగు. నోటికొచ్చు.

ఆదివారాలు, ఇప్పుడు మ్యూజియం చేసిన మన పాత గొలుసుల షాపులో జనానికి కొలిమి చూపిస్తున్నాను, మాల్ చెప్పాడో లేదో. తిత్తి ఊది, కడ్డీ ఎర్రగా కాల్చి, వంచి, రెండు కొసలూ సుత్తితో అతికి చూపిస్తాను. చివరి లంకె మీద రెండు ముద్రలుంటాయి, ఒకటి చేసినవాడిది, ఒకటి పరీక్ష బల్ల మీద లాగి చూసినవాడిది అని చెబుతాను. తెగిన లంకెని చేసినవాడి కొలిమి మీదే మేకేసి కొట్టేవాళ్ళని, వాడు పని మానేదాకా అది అక్కడే వేలాడేదనీ చెబుతాను. పరీక్ష ముద్ర వేసేవాడు మా నాన్నే అనేసరికి జనం అబ్బో అంటారు. మొన్న ఒకావిడ, "మరి మీ కంట్లో నిప్పురవ్వ పడిందా?" అంది. "లేదమ్మా, తమ్ముడు పడ్డాడు" అన్నాను.

ఇంతకీ ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ మాట నువ్వు రాయక్కర్లేదేమో అనిపిస్తోంది. ఆలోచిస్తున్నాను. పూర్తిగా తేల్చుకోలేదు.

అన్నయ్య

ఉత్తరం పోస్టు చెయ్యలేదు. ఇవాళ ఏడో తారీఖు. మాల్ ఇప్పుడే వచ్చాడు, నిన్ను బార్మత్‌లో దింపి. బజ్జీ కొట్లో బఠాణీలు తింటూ మామూలుగా చెప్పాడు. నీ షెడ్డు గుమ్మం మీద మన గొలుసు ముక్క వేలాడుతోందట. మేకేసి కొట్టావట. ఆ రోజు గొలుసుదే అన్నాడు, తుప్పుతో సహా పోల్చాడు.

లేడిని వేటాడి తల గోడకి తగిలించుకున్నట్టు, నా కన్ను తీసిన ఇనుముని ఒక ముక్క కోసుకెళ్ళి గుమ్మానికి తగిలించుకున్నావా? దాని కిందనుంచి రోజూ నడుస్తున్నావా? వచ్చినవాళ్ళకి చూపించి నవ్వుతున్నావా?

రాసినదంతా కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. ఎంత వెధవనో నాకు గుర్తుండాలి. నేను వస్తున్నాను.


బార్మత్,
12 మార్చి

డెరిక్‌కి,

రావద్దు.

అది నువ్వనుకున్నది కాదు. ఏమిటో అడగొద్దు. గుమ్మం నాది, మేకు నాది. నువ్వు దాన్ని చూడకూడదు. వస్తే గుమ్మం దగ్గరే ఆపుతాను.

పాటల పని మాల్‌తో చేస్తాను. నీ భాగం విడిగా వాయించి పంపు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా రికార్డు చెయ్యొచ్చట, ఆ అమ్మాయి చెప్పింది.

రస్


క్రాడ్లీ హీత్,
29 మార్చి

రస్,

మీ ఊరి పోలీసు స్టేషన్లో ఒక పూట కూర్చోబెట్టి, నువ్వు కేసు పెట్టనన్నావని వదిలేశారు. అక్కడి సార్జెంటు మన పాత అభిమాని. చేతులకి బేడీలు వేసి, చొక్కా మీద సంతకం పెట్టమన్నాడు. బేడీలతోనే పెట్టాను.

నవ్వొచ్చేలా రాద్దామని మొదలుపెట్టాను గానీ రావట్లేదు.

నేను నిన్ను కొడదామనే వచ్చాను. అబద్ధమెందుకు? నాన్న సమ్మెట కారులో వేసుకుని, డోల్గెల్లీ కొండదారిలో నాలుగు వాక్యాలు వల్లె వేసుకుంటూ వచ్చాను. గుమ్మం మీద దాన్ని చూసేసరికి నాలుగూ పోయాయి. నల్లగా, వంకరగా, అరచెయ్యంత. తలుపు చితక్కొట్టాను. కిటికీ చితక్కొట్టాను. నీ వెల్డింగు మిషను రేవులోకి తన్నాను. నువ్వు కొట్లోంచి పరిగెత్తుకొచ్చావు. కొడతావనుకున్నాను. నీ చేతిలో ఇనప కడ్డీ ఉంది, నా గుడ్డి కన్ను వైపే ఉన్నావు. ఒక్క దెబ్బ చాలు. అది పడేశావు.

నువ్వు నాకు అడ్డం రాలేదు, దానికి అడ్డం వెళ్ళావు. నేను సమ్మెట ఎత్తింది ఆ ఇనప ముక్క మీదికి. ముక్కలు చేద్దామని. దిగుతున్న సమ్మెట కింద నువ్వు ఎడమ చెయ్యి పెట్టావు. దాన్ని పిడికిలితో మూసేశావు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడలేదు. పిడిలోంచి చేతికి తెలిసింది.

మూడు వేళ్ళట. పాడుతూ నువ్వు గిటారు తీగలు నొక్కే మూడు వేళ్ళు. అంత జరిగినా పిడికిలి విప్పలేదు నువ్వు. రేవులోవాళ్ళు వచ్చి నన్ను ఇసకలో పడేసి కూర్చున్నా, నువ్వు దాన్ని కప్పుకునే నిలబడ్డావు, రక్తం మోచేతినుంచి కారుతోంది. ఒరే, ఒక తుప్పు ముక్కని కాపాడుకోవడానికి ఎవడన్నా ఆ చెయ్యి అడ్డం పెడతాడా? అంత ముద్దా అది నీకు?

నేను ఇల్లు చేరాక మాల్ వచ్చాడు. కొడతాడనుకుని అద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. కొట్టలేదు. నా కారులోంచి ఆ సమ్మెటే తీసుకుని వాళ్ళింటికెళ్ళాడు. డ్రమ్ములు ఒక్కొక్కటీ పెరట్లో పెట్టి పగలగొట్టాడు. తోలు, కర్ర, ఇత్తడి, అన్నీ. వాళ్ళావిడ పాలీన్‌కి చెప్పింది. మధ్యలో ఆగి ఆగి, చెవి ఒగ్గి వింటున్నాడట. ఎంత వినపడుతోందో చూసుకుంటున్నాడట.

ఒక కన్నుకి మూడు వేళ్ళు. చెల్లుకి చెల్లు అనుకోవాలి నేను. అనుకోలేకపోతున్నాను. నువ్వు తిరిగి కొట్టి ఉంటే అనుకునేవాణ్ణి.

ఎందుకు కొట్టలేదు? ఈ ఒక్కటీ చెప్పు. ఆ మొదటి మాట ఇంక అడగను.

డెరిక్


బార్మత్,
8 ఏప్రిల్

అన్నయ్యా,

కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. దీంతోపాటు ఒక పొట్లం వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత విప్పు. కూర్చుని విప్పు.

నేను గొలుసు విసరలేదు. తిప్పాను, పీపా వైపే తిప్పాను. తెగింది. చివరి మూడు లంకెలూ ఊడి నీ మీదికొచ్చాయి. పొగలోనూ ఆ దీపాల్లోనూ ఎవరికీ తెలియలేదు. నువ్వు పడ్డావు. నీ మొహం చూశాను. తర్వాత కింద ఇనుము చూశాను. నీ దగ్గరికి రాకుండా ముందు వాటిని ఏరి జేబులో వేసుకున్నాను. దానికి మాత్రం నన్ను తిట్టు. నువ్వు రక్తంలో ఉంటే నేను ఇనుము ఏరాను.

ఎందుకంటే, నాన్న హాల్లో ఉన్నాడు. మూడో వరసలో.

తెగిన చోటు చూడు. అతుకు పట్టలేదు. పైపైన అంటుకుని, లోపల నల్లగా చల్లారిపోయింది. చివరి లంకె మీద నీ ముద్ర ఉంది, డి.ఆర్. దాని పక్కన నాన్న పరీక్ష ముద్ర. ఆ అతుకు బల్ల ఎక్కి ఉంటే మొదటి లాగుడుకే విడిపోయేది. ఎక్కలేదు. నువ్వు ఎక్కించలేదు. నాన్న లేనప్పుడు ఆయన ముద్ర తీసి నువ్వే కొట్టుకున్నావు.

పోలీసులకి గొలుసు తెగిందంటే ఆ ముక్క అడుగుతారు. నాన్న ముద్ర ఉన్న లంకె తెగిందంటే, ఆయన ముద్ర వేసిన ప్రతి గొలుసునీ మళ్ళీ బల్ల ఎక్కిస్తారు. క్రేన్లవి, ఓడలవి, అన్నీ. ఆయన ఉద్యోగం పోతుంది. ఆ పరువు పోతే ఆయన బతకడు, నీకూ తెలుసు. నీ లంకె నీ కొలిమి మీద మేకేసి కొడతారు. అప్పటికే నీ కన్ను పోయింది. ఒక రోజుకి అది చాలనిపించింది.

కచేరీ మొదలవక ముందు మనం కొట్టుకోవడం హాలంతా చూసింది. అందుకని, విసిరానంటే నమ్మారు. నాన్నా నమ్మాడు. జైలుకొచ్చి కటకటాల్లోంచి మొహం మీద ఉమ్మి వెళ్ళాడు. మళ్ళీ మాట్లాడలేదు. పోయేదాకా మాట్లాడలేదు.

నువ్వు అడిగిన మాట రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. తొమ్మిది నెలల జైలు అబద్ధానికి చేశాను, అది చెయ్యగలిగాను. కానీ "తప్పయిపోయింది" అని నీకు అబద్ధం చెప్పడం నా చేత కాలేదు. అక్కడ కలం ఆగిపోయేది.

తెగిన లంకె ఎక్కడో ఒక చోట వేలాడాలిగా. మన దగ్గర పద్ధతి అది. నీ కొలిమి మీద వద్దనుకున్నాను, నా గుమ్మానికి కొట్టుకున్నాను. ముద్ర గోడ వైపు తిప్పి కొట్టాను. నువ్వు సమ్మెటతో కొడితే అది తిరగబడేది, ముద్ర కనపడేది. అందుకే చెయ్యి పెట్టాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నాన్న లేడు. పోవడానికి ఆ ఉద్యోగమూ లేదు. ఇంకా దాస్తే నువ్వు నా రెండో చెయ్యి కూడా విరగ్గొడతావు.

మాల్‌కి చెప్పు, గొంతు బాగానే ఉందని. వేళ్ళు ఆగస్టుకి వంగుతాయట. ముందు గొంతు ఎక్కిద్దాం.

రస్


నెదర్టన్, పరీక్ష బల్ల పక్కన గుమాస్తా గది,
23 ఏప్రిల్

తమ్ముడూ,

పొట్లం కూర్చునే విప్పాను. నా ముద్ర పక్కన నాన్న ముద్ర చూశాను.

అక్కణ్ణుంచి బొగ్గుల కొట్లోకి వెళ్ళి గోనెసంచి మూతి కోశాను. లెక్కపెట్టాను. నలభై ఒకటి. వేళ్ళతో తడుముతూ మళ్ళీ లెక్కపెట్టాను. పాలీన్‌ని పిలిచి లెక్కపెట్టమన్నాను. "నలభై ఒకటి. ఎందుకేడుస్తున్నావు?" అంది. ముప్పై రెండేళ్ళు ఇంట్లో పెట్టుకుని లంకెలు లెక్కపెట్టనివాడు గొలుసులు చేసేవాడా? బజ్జీలు వేసుకోవాల్సినవాడు.

మర్చిపోయానని రాద్దామనుకున్నాను. మర్చిపోలేదు రా. జులై, శుక్రవారం. సాయంత్రం వుల్వర్‌హాంప్టన్‌లో కచేరీ. బల్ల మీద ఎవరిదో లంగరు గొలుసు ఎక్కి ఉంది, గంట ఆగమన్నారు. నాన్న భోజనానికి వెళ్ళాడు. సొరుగులో ముద్ర ఉంది. ఒక్క దెబ్బ. అంతే. వేడి తగ్గిందని సుత్తి కింద తెలుస్తూనే ఉంది, మళ్ళీ కొలిమిలో పెట్టాల్సింది, పెట్టలేదు. ఆ సంగతి ఎప్పుడూ నాలోనే ఉంది. అటువైపు చూడలేదంతే. గుడ్డి కన్ను అటువైపే ఉంది కదా.

"ఎప్పుడూ తొందరే నీకు, ఏ పనీ సాంతం చెయ్యవు" అన్నావు షెడ్డులో. దానికి నీ ముక్కు పగలగొట్టాను. నువ్వు ముప్పై రెండేళ్ళలో అన్నది ఆ ఒక్క మాటే.

నాన్న ఉమ్మాడని నాకు తెలియదు. ఆయన ముద్రకోసం నువ్వు జైల్లో ఉన్నావని ఆయనకి తెలియదు. ఆ రోజు జైలునుంచి ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, నా కట్టు సర్దుతూ, "నాకు ఒక్కడే కొడుకు" అన్నాడు. నేను గర్వపడ్డాను. ఇది రాస్తుంటే నా చెయ్యి నరుక్కోవాలనుంది. అదీ సాంతం చెయ్యనులే.

పోయిన ఆదివారం షాపులో, అందరి ఎదుటా, నా కొలిమి మీద ఆ లంకెని మేకేసి కొట్టాను. ముద్ర బయటికి పెట్టి. ఆవిడే మళ్ళీ వచ్చింది, కంటి గురించి అడిగినావిడ. "ఎవరిదండీ ఇది?" అంది. "నాదే" అన్నాను. "కన్ను కూడా నేనే తీసుకున్నాను. తమ్ముడి పేరు చెప్పాను, మన్నించండి" అన్నాను. పాపం ఆవిడ టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత మూడు లంకెలు చేశాను, కొత్తవి. ఒంటికన్నుతో, ఈ వయసులో, నాలుగు రోజులు పట్టింది. పదకొండు చేసి ఎనిమిది పారేశాను. వేడి చాలదనిపించిన ప్రతిదాన్నీ సమ్మెటతో చితక్కొట్టాను. నా బొటనవేలి గోరు కూడా వాటిల్లోనే పోయింది. తాత గొలుసుకి అతికించాను. నా ముద్ర కొట్టాను. రెండో ముద్ర చోటు ఖాళీగా ఉంది. ఈసారి అది నేను కొట్టను.

అందుకే ఇక్కడున్నాను. ఈ పాత బల్ల ఒక్కటే ఇంకా పనిచేస్తోంది. కెర్‌స్టిన్ బల్ల చుట్టూ పది మైకులు పెట్టింది. రికార్డు దీంతోనే మొదలవ్వాలంటుంది. ఇనుము సాగే ముందు మూలుగుతుంది చూడు, ఆ మూలుగు మీదనుంచి నీ గొంతు లేవాలట. మాల్ కొత్త డ్రమ్ములు తెచ్చుకున్నాడు. అప్పుడే ఒకటి చింపాడు. బల్ల కాళ్ళని కౌగలించుకుని కూర్చుంటాడట, చెవులు పోయాక కూడా ఇలాగే వింటానని సాధన. నాకు ధైర్యం చాలక ఈ గదిలో కూర్చుని నీకు రాస్తున్నాను.

గొలుసు తెగకుండా ఆగితే, దాన్ని భుజాన వేసుకుని రేపే బార్మత్ వస్తాను. తెగితే, ఆ ముక్కని మొదటిదాని పక్కన మేకేసి కొట్టి మరీ వస్తాను. తలుపు నేనే బాగు చేస్తాను. మిషను రేవులోంచి తీయిస్తాను. నీ కట్టు నేనే కడతాను, నువ్వు తన్నినా సరే, తన్నితే ఇంకా మంచిది.

రస్, ఇంత రాసి అసలుది రాయలేదు. నిన్ను నేను అడిగిన మాట ఒకటుంది కదా. నువ్వు బాకీ లేని మాట. కూజాలు విసిరి, ఇటుకలు విసిరి, సమ్మెట ఎత్తి అడిగాను. ఎంత చిన్న మాటో అనుకునేవాణ్ణి, ఇది కూడా రాయలేవా వీడు అని. ఇప్పుడు నేను రాయబోతే తెలుస్తోంది ఎంత బరువో. కలం ఒత్తి ఒత్తి కాగితం చిరుగుతోంది. నువ్వు నాకోసం

కిటికీ అద్దం పగిలింది. నట్టు వచ్చి సిరాబుడ్డి పక్కన పడింది. మాల్‌గాడు, ఇంకెవడు? గొలుసు బల్లకెక్కింది, లాగబోతున్నారు, రమ్మని రెండు చేతులూ ఊపుతున్నాడు. ఇంకో నట్టు ఎత్తాడు. వస్తున్నా ఉండరా, ఒక్క మాట రాసి వస్తా. తమ్ముడూ, తప్పయిపో